మొక్కు మొక్కుదే, మాత్ర మాత్రదే

మూర్ఛకు మాత్రలు వేసుకుంటూ తాయెత్తు కట్టించుకుంటే తాయెత్తు పనిచెయ్యదట. స్వస్థత ప్రార్థన అయ్యాక మాత్ర ముట్టుకుంటే విశ్వాసం లేనట్టట. దర్గాలో తావీదు కట్టించుకున్నవాళ్లకూ ఇదే బోధ. ఏ గ్రంథంలో ఉందని అడిగితే మాత్రం జవాబుండదు. ఫిట్స్ రెండు నెలలు రాకపోతే అది మహిమ. ఆ రెండు నెలలూ కాపు కాసిన మాత్ర ఎవరికీ గుర్తుండదు. దాన్ని ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఒక్కోసారి ఫిట్ మీద ఫిట్ ఆగకుండా వచ్చి ప్రాణమే పోతుంది.

గాలి సోకిందనేవాళ్లకు ఏలూరే జవాబు. 2020 డిసెంబరు 5న అక్కడి వన్‌టౌన్‌లో ఓ వింత జబ్బు మొదలై, కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఫిట్స్, వాంతులు, ఉన్నచోటే స్పృహ తప్పడం. ఊరినంతా ఒక్క ఊపున పట్టగలిగిన ఆ గాలి ఏదో! ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. కారణం కోసం వెతికింది రక్తంలో, నీళ్లలో, కూరగాయల్లో. శ్మశానంలో కాదు.

మూర్ఛను గాలి అనుకోవడం మన ఒక్కరి తెలివితక్కువతనమేమీ కాదు. లావోస్ నుంచి అమెరికా చేరిన హ్మాంగ్ జనం కూడా మూర్ఛను ఆత్మ పట్టుకోవడమనే అంటారు. అలాగని పాతకాలమంతా అలాగే నమ్మిందనుకోకండి. చరకసంహిత అపస్మారాన్ని రోగాల్లోనే చేర్చి చికిత్స చెప్పింది. సరైన మందులు వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెడితే ఆగుతుందా? పెట్టకపోయినా చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఉల్లిపాయ వాసనకే తగ్గేదయితే తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో ఎవరికీ మూర్ఛే రాకూడదు. అంటువ్యాధా? కాదు. పెళ్లి చేస్తే పోతుందా? పోదు, పెళ్లికి అడ్డమూ కాదు, ఆ అడ్డును చట్టం 1999లోనే తీసేసింది.

భక్తి వల్ల మేలు జరుగుతుందన్న మాటను మాత్రం, ఇష్టం లేకపోయినా, కొంత ఒప్పుకోవాలి. అమెరికాలో 74 వేలకు పైగా మహిళా నర్సులను 16 ఏళ్లు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారానికి ఒకసారికి మించి ప్రార్థనలకు వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లకంటే మరణాలు 33 శాతం తక్కువ. నలుగురి తోడు, దిగులు తగ్గడం, సిగరెట్ల జోలికి పోకపోవడం అందులో కొంత పనిచేశాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లొచ్చాక మనసు తేలికపడిందంటే నేను కాదనను. కానీ ఆ నర్సులెవరినీ మందులు మానెయ్యమని చెప్పలేదు.

కాబట్టి వెళ్లండి, మాత్రలు సంచిలో వేసుకుని వెళ్లండి. బలివెలో శివరాత్రి జాగారమైనా, రాత్రంతా సాగే ప్రార్థన కూటమైనా మూర్ఛ ఉన్నవాళ్లకు వద్దు; నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి. ఉపవాసమున్నా మాత్ర మానకూడదు. చేపల చెరువు గట్టు మీద ఒంటరి కాపలా అసలే వద్దు, మోకాలి లోతు నీళ్లలో పడినా ప్రాణం పోతుంది. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. పూజారికో పాస్టరుకో తర్వాత చెప్పుకోవచ్చు.