కారు మీద సాలెగూడు అల్లిందెవరు?

పోయిన దసరాకి నాన్న ఊరి నుంచి వచ్చారు. రాత్రి పెట్రోల్ బంకులో ఆగాం. తెల్లటి ఎల్‌ఈడీ లైట్ల కింద నా నల్ల కారు బానెట్ మీద వేలు పెట్టి, "ఏంట్రా ఇది, సాలెగూడు పట్టినట్టుంది?" అన్నారు. కారు కొని ఏడాది కూడా కాలేదు. డౌన్‌పేమెంట్‌లో సగం ఆయన పీఎఫ్ డబ్బులే. ఏం చెప్పాలో తెలీక, "దుమ్ము నాన్నా, కడిగితే పోతుంది" అనేశాను.

కడిగినా పోలేదు. వాటిని స్విర్ల్ మార్క్స్ అంటారని తర్వాత తెలిసింది.

కారు పెయింట్ అంటే ఒక్క పొర కాదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. మెరుపంతా దానిదే. ఎండ నుంచి రంగును కాపాడేదీ అదే. మందం మాత్రం సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే మామూలుగా మన తల వెంట్రుక కంటే పలచన! ఆ పొర మీద పడే సన్నని గీతలే స్విర్ల్స్. నిజానికి అవి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకీ ఉంటాయి. లైటుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి, దాని చుట్టూ గూడు అల్లినట్టు కనిపిస్తాయి. మీ కారు మీద ఉన్నాయో లేదో చూడాలంటే రాత్రిపూట ఫోన్ ఫ్లాష్ వేసి చూడండి. తెల్ల కారులో దాక్కుంటాయి, నల్ల కారులో దొరికిపోతాయి.

తొందరపడితే ఇంతే

కంగారుగా దగ్గర్లోని ఓ షాపుకి తీసుకెళ్లాను. గంటలో రోటరీ మెషీన్‌తో రుద్ది, ఏదో క్రీమ్ పూసి అద్దంలా చేసిచ్చారు. నాలుగు వాష్‌లు అయ్యేసరికి పాత గీతలు మళ్లీ తేలాయి. అంటే క్రీమ్ గీతల్ని తీయలేదు, పూడ్చింది అంతే. పైగా ఎండలో చూస్తే మెషీన్ తిరిగిన చారలు కొత్తగా కనిపించాయి. వాటిని హోలోగ్రామ్స్ అంటారట.

రెండోసారి చదువుకుని వెళ్లాను. స్విర్ల్స్ నిజంగా పోవాలంటే గీత అడుగు వరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కొద్దిగా అరగదీయాలి. అరిగింది తిరిగి రాదు. అందుకే ముందు కారు బాగా కడిగి, క్లే బార్‌తో అంటుకున్న మురికి తీయాలి. మీటర్‌తో పెయింట్ మందం చూడాలి. చిన్న చోట తక్కువ గరుకున్న పాలిష్‌తో ట్రై చేసి, సరిపోకపోతేనే ఇంకో మెట్టు ఎక్కాలి. కొత్తవాళ్లకి రోటరీ కంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ సేఫ్. పాలిష్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన క్లీనర్‌తో తుడిస్తే జిడ్డంతా పోయి, గీత పోయిందో దాక్కుందో తెలిసిపోతుంది. ఆ తర్వాతే వ్యాక్స్ అయినా, సిరామిక్ కోటింగ్ అయినా. గీతలుండగా కోటింగ్ వేయిస్తే వాటినే భద్రంగా దాచుకున్నట్టు!

గోరు ఆనిస్తే తగులుకునే గీత ఉందా? దాని జోలికి పోకండి. అది పూర్తిగా పోయేలా రుద్దితే క్లియర్ కోట్ మిగలకపోవచ్చు. నా డోర్ హ్యాండిల్ కింద అలాంటిది ఒకటి ఉంది. అలాగే వదిలేశాను.

బగ్ దొరికింది, రాసింది నేనే

అసలు గీతలు ఎలా పడ్డాయి? మా అపార్ట్‌మెంట్‌లో ఓ అన్న పొద్దున్నే ఇరవై కార్లు తుడుస్తాడు. హైదరాబాద్ దుమ్ము సంగతి తెలిసిందే. ఎండు దుమ్ము మీద గుడ్డ లాగితే అది ఉప్పు కాగితంతో రుద్దినట్టే. కోపంగా కిందకి దిగాను. ఆయన చేతిలో గుడ్డ చూసి ఆగిపోయాను. అది నా కాలేజీ ఫెస్ట్ టీషర్ట్. ఇచ్చింది నేనే.

"రోజూ తుడవొద్దన్నా" అంటే, "తుడవకపోతే పని చేయలేదంటారు సార్" అన్నాడు. నిజమే. మెరుస్తూ కనిపిస్తేనే కదా మనం డబ్బులిచ్చేది!

డబ్బులు అవే ఇస్తానని చెప్పి, ఇద్దరం కొత్త పద్ధతి పెట్టుకున్నాం. రోజూ తుడవడం బంద్, వారానికోసారి వాష్. నీడలో, బానెట్ చల్లారాక. ముందు నీళ్లు కొట్టి ఇసుక కారిపోనివ్వాలి. రెండు బకెట్లు: ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో మిట్ జాడించుకోవడానికి మంచి నీళ్లు. గిన్నెల సబ్బు వద్దు, వ్యాక్స్‌ని లేపేస్తుంది. పైనుంచి కిందకి రావాలి, చక్రాలకి గుడ్డ వేరే. ఆరబెట్టడానికి మెత్తటి మైక్రోఫైబర్ టవల్. అది కింద పడిందా, ఉతికే దాకా కారుకి తాకించొద్దు.

సంక్రాంతికి నాన్న మళ్లీ వచ్చారు. బానెట్ మీద తన మొహం చూసుకుని మీసం దువ్వుకున్నారు. డోర్ దగ్గరికి వచ్చి, "ఈ ఒక్కటీ పోలేదేంరా?" అని అడిగారు. ఈసారి దుమ్మని చెప్పలేదు. మొత్తం కథ చెప్పాను.

"టీషర్ట్ ఇచ్చి డబ్బు మిగిల్చావన్నమాట" అని నవ్వారు.

రేపు పొద్దున ఒక్కసారి కిందకి దిగి, మీ కారు తుడుస్తున్న గుడ్డ ఎవరిచ్చిందో చూడండి.