పాత రేసు సైకిలు వయసు తేల్చడం ఎలా?

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో గయోలె ఇన్ కియాంతి అనే చిన్న ఊరుంది. 1997 నుంచి అక్కడ ‘లెరోయికా’ పేరుతో ఒక సైకిలు యాత్ర జరుగుతోంది. ఇది పోటీ కాదు. తెల్లటి కంకరబాటల మీద పాత రేసు సైకిళ్లు తొక్కుకుంటూ పోవడమే పని. నియమాలు మాత్రం కచ్చితమైనవి: సైకిలు 1987కు ముందు తయారైనదై ఉండాలి, గేరు లీవర్లు ఫ్రేములోని వాలు గొట్టం మీద ఉండాలి, పెడళ్లకు పాదాలను బిగించే పట్టీలుండాలి, బ్రేకు తీగలు హ్యాండిల్ బయట కనబడాలి.

ఒక సంవత్సరం నియమంగా మారాక, ఆ సంవత్సరానికి కాస్త ఇటుగా పుట్టిన సైకిళ్లు కాస్త అటుగా జరగడం మొదలవుతుంది. మన ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు పిల్లల పుట్టినతేదీలు జరిగినట్టే. అందుకే అమ్మేవారు చెప్పిన సంవత్సరాన్ని ప్రశ్నగా తీసుకోవాలి, జవాబుగా కాదు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. రేసు సైకిలుకు ఒకే పుట్టినతేదీ ఉండదు. 1970లలో ఇటలీలోని ఒక చిన్న వర్క్‌షాపు మిలాన్‌లోని కొలంబస్ కంపెనీ నుంచి ఉక్కు గొట్టాలు కొని, వాటిని అతికి ఫ్రేము చేసేది. గేర్లు, హబ్బులు, బ్రేకులు చాలావరకు విచెంజా నగరంలోని కాంపన్యోలో నుంచి వచ్చేవి. హ్యాండిల్ చినెల్లీ కంపెనీది. ఫ్రేము మీద రాసి ఉండే పేరు ఆ వర్క్‌షాపుది. అంటే మన ముందున్నది నలుగురి పని. ఎవరి తేదీ వారిదే.

ఫ్రేము మీద నంబరుంటుంది కదా, దాన్ని చూస్తే సరిపోదా అనిపిస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల విషయంలో కొంతవరకు సరిపోతుంది. ఇటలీ చిన్న వర్క్‌షాపుల్లో చాలామంది వరుస నంబర్లు వేయలేదు, వేసినా లెక్కలు దాచలేదు. తరచు కనబడే రెండంకెల సంఖ్య ఫ్రేము కొలత మాత్రమే, సెంటీమీటర్లలో. 56 అని చూసి 1956 నాటి సైకిలు దొరికిందని సంబరపడే ముందు టేపు తెచ్చి సీటు గొట్టం పొడవు కొలవడం మంచిది.

కాబట్టి విడిభాగాల దగ్గరికి వెళ్లాలి. అన్నిటికన్నా పేరుపడ్డ ఆధారం కాంపన్యోలో వారి న్యూవో రికార్డ్ డీరేలర్. డీరేలర్ అంటే చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే పరికరం. 1970లలో తయారైనవాటి మీద ‘పేటెంట్’ అనే మాట, పక్కన 74 వంటి రెండంకెలు అచ్చు పోసి ఉంటాయి. ఆ కంపెనీ ఏటా కొత్తగా పేటెంటు తీసుకునేదని దీని అర్థం కాదు. ఆ అంకెలు చెప్పేది భాగం తయారైన సంవత్సరం. పెడలు కడ్డీలకు, అంటే క్రాంకులకు, వెనకవైపు ఇంకో గుర్తుంటుంది: వజ్రం ఆకారంలో ఒకే అంకె ఉంటే 1970ల దశకం, గుండ్రటి గీతలో ఉంటే 1980ల దశకం. వజ్రంలో 4 అంటే 1974.

జపాన్ కంపెనీ షిమానో ఇంకా క్రమశిక్షణ గలది. రెండు ఇంగ్లీషు అక్షరాలు వేస్తుంది. మొదటిది సంవత్సరం: 1976కు ఎ, 1977కు బి, అలా. రెండోది నెల: జనవరికి ఎ నుంచి డిసెంబరుకు ఎల్ దాకా. సి, ఎఫ్ ఉంటే 1978 జూన్. 2001తో అక్షరమాల అయిపోయి 2002లో మళ్లీ ఎ దగ్గర మొదలైంది. కనుక ఎ కనబడగానే 1976 అని ధర చెప్పేవారికి ఇరవయ్యారేళ్ల లాభం ఉంది.

ఇక్కడ తర్కం కొంచెం జాగ్రత్తగా నడవాలి. భాగం మీద 74 ఉంటే, ఆ భాగం 1974కు ముందు ఏ సైకిలుకూ బిగించి ఉండదు. తెలిసేది అంతే. ఆ భాగం కొన్ని నెలలు గోదాములో ఉండి 1975లో బిగించినదై ఉండవచ్చు, లేదా 1969 నాటి సైకిలుకు పాతది విరిగితే కొత్తగా తగిలించినదీ కావచ్చు. ఒక్క తేదీ సాక్ష్యం కాదు. క్రాంకులు, హబ్బులు, డీరేలర్ అన్నీ 73, 74ల దగ్గరే గుమిగూడితే మాత్రం సైకిలు అలాగే పుట్టిందని నమ్మవచ్చు. మిగతావన్నీ 74 అని చెబుతున్నా, హ్యాండిల్ మీద చినెల్లీ రెక్కల ‘సి’ గుర్తు ఉంటే, ఆ హ్యాండిల్ తరవాత వచ్చి చేరిందే. ఆ గుర్తును డిజైనరు ఇటాలో లుపి గీసింది 1979లో.

ఆ తరవాత ఫ్రేమునే అడగాలి. 1970ల మొదట్లో ఇటలీ రేసు ఫ్రేములకు అతికిన తగిలింపులు దాదాపు ఉండవు. గేరు లీవర్లు, బ్రేకు తీగలు, నీళ్ల సీసా అన్నీ పట్టీలతో బిగించేవారు. దశకం గడిచేకొద్దీ ఇవన్నీ ఒక్కొక్కటిగా ఫ్రేముకే అతుక్కుపోయాయి. మొదట పెడళ్ల ఇరుసు గూడు పైనుంచి వెళ్లిన గేరు తీగలు 1980ల కల్లా కిందకు దిగాయి. వెనక చక్రం పట్టే చోటి వెడల్పూ చెబుతుంది: అయిదు గేర్ల కాలానికి 120 మిల్లీమీటర్లు, ఆరు ఏడు గేర్లకు 126, ఎనిమిది దాటాక 130. ఇందులోనూ ఒక మెలిక ఉంది. రంగు వేయించడానికి పాత ఫ్రేమును వర్క్‌షాపుకు ఇచ్చినవారు, పనిలో పనిగా కొత్త తగిలింపులూ అతికించుకునేవారు. మోజు అప్పుడూ ఉంది.

నారింజ రంగు కనబడితే ఇంకో మెట్టు జాగ్రత్త అవసరం. అది సైకిలు రేసు వీరుడు ఎడ్డీ మెర్‌క్స్ ఆడిన మోల్తేని జట్టు రంగు. 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ఆయన నెలకొల్పిన రికార్డుకు వాడిన సైకిలు ఎర్నెస్తో కొల్నాగో తయారుచేసింది. ఆ తరవాత ఎందరో తమ సైకిళ్లకు ఆ రంగు వేయించుకున్నారు. అభిమానానికి తప్పు పట్టలేం. రంగు డబ్బా మాత్రం ఎవరి వంశాన్నీ నిరూపించదు.

బాగుచేయడానికి వస్తే, మొదట గుర్తుంచుకోవలసింది మరల సంగతి. పెడళ్ల ఇరుసు తిరిగే గూటికి రెండువైపులా మరలున్న కప్పులుంటాయి. ఇంగ్లీషు పద్ధతిలో చైనువైపు కప్పుకు మర ఎడమచేతిది, అంటే విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇటాలియన్, ఫ్రెంచి పద్ధతుల్లో రెండూ కుడిచేతివే. ఇటాలియన్ కప్పు వ్యాసం 36 మిల్లీమీటర్లు, ఫ్రెంచిది 35, ఇంగ్లీషుది సుమారు 34.8. చివరి రెంటికీ తేడా వెంట్రుకవాసి. ఇంగ్లీషు కప్పు ఫ్రెంచి ఫ్రేములో కొన్ని చుట్లు చక్కగా ఎక్కుతుంది. తరవాత బిగుసుకుంటుంది. ఆ బిగువును తుప్పు అనుకుని పొడవాటి పానాతో తిప్పినవారు ఫ్రేమును ఏ దేశానికీ చెందకుండా చేస్తారు.

టైర్ల సంగతి ఇంతకన్నా వింత. మన పాలవాళ్ల సైకిలు టైరు 28 అంగుళాలది. రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం 635 మిల్లీమీటర్లు. రేసు సైకిళ్ల 27 అంగుళాలది 630. అంగుళం తేడా అని పేరు చెబితే, కొలత అయిదు మిల్లీమీటర్లే అంటుంది. 700సి అనే టైరుది 622. యూరప్‌లో దాన్నీ 28 అంగుళాలనే పిలుస్తారు. పేరు విని టైరు కొనకూడదు. పక్కగోడ మీది కొలత చదివి కొనాలి.

తుప్పుకు ఇసుక కాగితం పట్టడం అలవాటు. దానివల్ల తుప్పుతోపాటు క్రోము, రంగు, స్టిక్కరు కూడా పోతాయి. పలచగా కలిపిన ఆక్జాలిక్ ఆమ్లం తుప్పును కరిగించి రంగును చాలావరకు వదిలేస్తుంది. అది విషం, చేతి తొడుగులు తప్పవు. పాత అల్యూమినియం సీటు కడ్డీ ఉక్కు గొట్టంలో ఇరుక్కుపోవడానికి కారణం వేరు: తేమలో రెండు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం పొడిపొడిగా మారి, ఉబ్బి పట్టేస్తుంది. సుత్తితో ఇది తీరదు. నూనె, రోజుల తరబడి ఓపిక కావాలి.

కొత్త రంగు వేయించాలా అన్న ప్రశ్నకు నా జవాబు: ఫ్రేము కుళ్లిపోతుంటే తప్ప వద్దు. రంగుకింద పాత స్టిక్కరు నీడలు, చెరిగిన అక్షరాలు, ఆనాటి అతుకు గుర్తులు ఉంటాయి. అవే సంవత్సరాన్ని చెప్పేవి. తళతళలాడే ఫ్రేముకు అమ్మేవారు ఏ సంవత్సరమైనా చెప్పవచ్చు.

పాతదని గౌరవించకూడనివీ ఉన్నాయి. బ్రేకు రబ్బర్లు, తీగలు, టైర్లు ఎంత అసలువైనా మార్చాల్సిందే. క్రాంకు కుడిచేయి దగ్గర, పళ్లచక్రాలను పట్టే కొమ్మలు కలిసే మూలల్లో సన్నటి పగుళ్లుంటాయేమో భూతద్దంతో చూడాలి. ఆ నాటి కాంపన్యోలో క్రాంకులకు అది తెలిసిన బలహీనత. పగులు కనబడిన క్రాంకును, వజ్రంలో 4 ఉన్నా సరే, విప్పి అల్మారాలో పెట్టాలి. దాని చోట తొక్కడానికి మరొకటి బిగించి, తీసిన తేదీని చీటీ మీద రాసి దానికే కట్టాలి.