బారిస్టర్ ఇక్బాల్ చదివిన రెండు చదువులు

అల్లామా ఇక్బాల్ అనగానే మనకు కవి గుర్తొస్తారు. ఆయన కోర్టులో వాదించి ఇల్లు గడుపుకున్న బారిస్టరన్న సంగతి చాలామందికి పట్టదు. న్యాయశాస్త్రంతోపాటు తత్త్వశాస్త్రమూ చదువుతానని అబ్బాయో అమ్మాయో అంటే "రెండోది అన్నం పెడుతుందా?" అని అడిగే తల్లిదండ్రులకు ఆయన చదువు ముచ్చట చెప్పాలి.

ఇక్బాల్ 1877లో సియాల్‌కోట్‌లో జన్మించారు. తండ్రి షేక్ నూర్ ముహమ్మద్ బట్టలు కుట్టి బతికిన మనిషి. లాహోరులో తత్త్వశాస్త్రం ఎం.ఎ. చదువుతూనే ఇక్బాల్ 1898లో న్యాయ పరీక్షకు కూర్చుని తప్పారు. తప్పింది న్యాయశాస్త్ర మూలసూత్రాల పేపర్లోనే! 1905లో ఇంగ్లండు వెళ్లారు. ఖర్చు అన్నగారు అతా ముహమ్మద్ భరించారు. ఇలాంటి అన్నలు మన ఇళ్లలోనూ ఉన్నారు, వాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. కేంబ్రిడ్జిలో 1907లో బి.ఎ. అయింది. పర్షియా తాత్త్విక చింతన వికాసంపై రాసిన గ్రంథానికి జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. 1908లో లండన్‌లోని లింకన్స్ ఇన్ నుంచి బారిస్టరయ్యారు. అంతా మూడేళ్లలోనే!

తిరిగొచ్చి లాహోరులో వకాలతు మొదలుపెట్టారు. గొంతు జబ్బు చేసి 1934లో మానుకునేదాకా అదే జీవనాధారం. మరి తత్త్వశాస్త్రం ఎందుకు పనికొచ్చింది?

హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ దైవప్రవక్త (స) తీర్పు ఎలా చెబుతావని అడిగారు. దైవగ్రంథం ప్రకారమని, అందులో దొరక్కపోతే ప్రవక్త సంప్రదాయం ప్రకారమని, అక్కడా దొరక్కపోతే తన ఆలోచనతో శాయశక్తులా యత్నిస్తానని ఆయన జవాబిచ్చారు. ఈ యత్నమే ఇజ్తిహాద్. ఇక్బాల్ తన ప్రసంగాల్లో ఒకటి పూర్తిగా దీనికే కేటాయించారు. షరీఅత్ సూత్రం ఏమిటో న్యాయశాస్త్రం చెబుతుంది. అది ఎందుకు వచ్చింది, కొత్త సమస్యకు ఎంతవరకు వర్తిస్తుంది అన్నది తర్కించడానికి మరో శిక్షణ కావాలి. ఒకప్పుడు పరీక్ష తప్పిన విషయం మీదే ఆయన ఇంత లోతుగా మాట్లాడారు! ఈ ప్రసంగమాలలో కొన్ని 1929 జనవరిలో మద్రాసులోను, తర్వాత మన హైదరాబాదులోను చేశారు. మొత్తం ఆరూ 1930లో పుస్తకంగా వచ్చాయి.

మన దగ్గర తత్త్వశాస్త్రంతో డిగ్రీ చేసినవారు కూడా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్.బి.లో చేరవచ్చు. ఇక్బాల్ తప్పిన ఆ పేపరు, జూరిస్‌ప్రుడెన్స్, అక్కడా తప్పనిసరే. తత్త్వశాస్త్రం చదివి వచ్చినవారికి అది అంత కొత్తగా తోచదు.