మోటారు తిరుగుతున్నా గాలి కదలదు

అమెరికాలోని రసాయన ప్రయోగశాలలలో విషవాయువులను బయటికి లాగివేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరిగా ఉంటుంది. దాని ముందు గంటల తరబడి నిలబడి పనిచేసే తెలుగు విద్యార్థులు ఎందరో. హుడ్ ముఖద్వారం వద్ద గాలి నిమిషానికి సుమారు 100 అడుగుల వేగంతో లోపలికి పోవాలన్నది సాధారణంగా పాటించే ప్రమాణం. ఆ గాలిని లాగే పంకా మాత్రం వారి కంటబడదు; అది భవనం కప్పు మీద ఎండకూ మంచుకూ ఓర్చుకుంటూ ఉంటుంది. చాలాచోట్ల మోటారుకూ ఆ పంకాకూ గల సంబంధం ఒకటి రెండు రబ్బరు బెల్టులే. బెల్టు జారితే మోటారు యథాప్రకారం తిరుగుతూనే ఉంటుంది, మీట దగ్గరి దీపమూ వెలుగుతూనే ఉంటుంది. పంకా వేగం పదోవంతు తగ్గితే గాలి పదోవంతు, దానిని నెట్టే పీడనం దాదాపు ఐదోవంతు తగ్గిపోతాయి.

పల్లెటూరి పిండిమరలో చదును బెల్టు చక్రం మీదినుంచి ఊడిపడటం చూసినవారికి ఈ బాధ కొత్త కాదు. 1917లో జాన్ గేట్స్ రూపొందించిన వి-బెల్టు ఆ చిక్కును చాలావరకు తీర్చింది. అది గాడి అడుగున ఆనదు. ఏటవాలుగా ఉన్న రెండు పక్కల మధ్య బిగుసుకుంటుంది. గాడి కోణం 38 డిగ్రీలైతే పట్టు చదును బెల్టుకంటె సుమారు మూడు రెట్లు. బెల్టు అడుగును తాకుతున్నదంటే బెల్టో పుల్లీయో అరిగిపోయిందన్నమాట.

బిగింపు విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. రెండు పుల్లీల నడుమ బెల్టు నిడివిలో 64వ వంతు లోపలికి వంగేటట్లు, అనగా 32 అంగుళాలకు అర అంగుళం, మధ్యలో నొక్కి, అందుకు పట్టిన బలాన్ని తయారీదారు ఇచ్చిన పట్టికతో పోల్చాలి. బొటనవేలి అంచనా చాలదు. జారుతుందేమోనన్న భయంతో అతిగా బిగిస్తే బేరింగులు ముందుగా పాడవుతాయి. కొత్త బెల్టు ఒకటి రెండు రోజులు తిరిగేసరికి గాడిలో కుదురుకొని వదులవుతుంది. అప్పుడు చేయవలసిన రెండవ బిగింపునే అందరూ మరచిపోతారు.

పుల్లీలు ఒకే వరుసలో ఉన్నవో లేవో చూడటానికి ఒక దారం చాలు. అంచుల మందం సమానమైతే, వాటి ముఖాల మీదుగా లాగిన దారం నాలుగు చోట్ల తాకాలి. వంకర అర డిగ్రీ మించితే బెల్టు ఒక పక్క అరిగి నల్లని పొడి రాలుస్తుంది. బిగించేటప్పుడు మోటారు జరుగుతుంది కనుక ఈ పరీక్ష తరువాత కూడా చేయాలి.

జారే బెల్టు వేడెక్కుతుంది. ఆ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు నియోప్రీన్ వంటి కృత్రిమ రబ్బరులోని దీర్ఘాణువుల మధ్య కొత్త బంధాలు ఏర్పడతాయి. రబ్బరు గట్టిపడి, నునుపు తేలి, మరింత జారుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే బెల్టు ఆయుర్దాయం సుమారు సగమవుతుందని లెక్క. కీచుమనే బెల్టుకు జిగురుమందు పూయడం రోగం దాచిపెట్టడమే.

మార్చేముందు విద్యుత్తు ఆపి మీటకు తాళం వేయాలి. అమెరికాలో 1989లో వెలువడిన నిబంధన ఇదే. స్క్రూడ్రైవరుతో బలవంతంగా ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి. జంట బెల్టులలో ఒకదానినే మార్చరాదు. పని ముగిశాక కింద హుడ్ వద్ద గాలివేగం కొలవాలి. మిగతా రోజులలో తలుపు అంచున వేలాడే పలుచని కాగితపు పీలిక కనిపెట్టి చెబుతుంది. అది లోపలికి వంగకుండా నిలువుగా ఉన్ననాడు సీసా మూత తీయకూడదు.