తేలినీలాపురం: వలస పక్షుల విడిది

తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెబుతారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం అనే చిన్న గ్రామానికి వచ్చే అతిథులకు మాత్రం ఒక నియమం ఉంది. వారు ఏటా సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో వస్తారు. ఊరి చెట్ల మీద కాపురం పెడతారు. పిల్లలను కని, పెంచి, రెక్కలు వచ్చిన తరువాత మార్చి, ఏప్రిల్ మాసాలలో వెళ్ళిపోతారు. ఈ అతిథులు పక్షులు. వారు తప్పని నియమాన్ని తప్పేదల్లా ఆ చివరి నెలల వాతావరణం. వసంత ఋతువులో ఈ విడిది ఎలా నడుస్తుందో తెలుసుకుంటే ఒక పక్షి జీవితం ఎన్నింటి మీద ఆధారపడి ఉందో మనకు అర్థమవుతుంది.

ఇక్కడికి వచ్చే పక్షులలో రెండు జాతులు ముఖ్యమైనవి. మొదటిది గూడబాతు. చేలకు నీరు తోడే బుట్టను మన రైతులు గూడ అంటారు. ఈ పక్షి ముక్కు కింద వేలాడే సంచి సరిగ్గా ఆ పనే చేస్తుంది. నీటితో సహా చేపను తోడుకొని, నీటిని బయటకు వదలి, చేపను మింగుతుంది. ఇంత చక్కని పేరు పెట్టిన పూర్వులు ఎవరో గాని, పక్షిని శ్రద్ధగా గమనించినవారే అయి ఉండాలి. విప్పిన రెక్కల వెడల్పు 2 మీటర్లకు మించే ఈ పెద్ద పక్షిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా గుర్తించింది. రెండవది ఎర్రకాళ్ళ కొంగ. పసుపుపచ్చని పొడవైన ముక్కు, తోక వద్ద గులాబి రంగు ఈకలు దీని గుర్తులు.

ఈ పక్షులు సైబీరియా నుండి వస్తాయని చాలామంది అంటారు. పత్రికలు కూడా తరచుగా అలాగే వ్రాస్తాయి. ఇది సరికాదు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ రెండూ దక్షిణాసియాకు, దాని పరిసరాలకు చెందిన పక్షులే. నీరు, చేపలు ఉన్నచోటు వెదుక్కుంటూ ఇవి ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి కదులుతూ ఉంటాయి. అనగా ఇవి దూరదేశపు అతిథులు కావు, దగ్గరి బంధువులు.

ఇవి శీతకాలంలో గూళ్ళు కట్టి వసంతంలో పిల్లలను సాకడానికి కారణం ఉంది. ఇదే జిల్లాలో ఇచ్ఛాపురం సమీపంలోని తేలుకుంచి గ్రామానికి వచ్చే పక్షులతో పోల్చి చూస్తే అది సులభంగా బోధపడుతుంది. తేలుకుంచికి వచ్చే కొంగలు ప్రధానంగా నత్తలను తింటాయి. తొలకరితో వరిమళ్ళలో నత్తలు పెరుగుతాయి కనుక అవి జూన్ నెలలోనే దిగుతాయి. తేలినీలాపురం పక్షులు తినేది చేపలను. వానలు వెనుదిరిగిన తరువాత చెరువులలో, చిత్తడి నేలలలో నీరు నెలనెలకూ తగ్గుతుంది. విస్తారమైన నీటిలో చెదరి ఉన్న చేపలు చిన్న మడుగులలోకి చేరుతాయి. అప్పుడు వాటిని పట్టడం తేలిక. పిల్లల ఆకలి పెరిగే రోజులూ, చేపలు దగ్గరగా దొరికే రోజులూ ఒకటయ్యేటట్లు ప్రకృతి ఏర్పాటు చేసింది.

అయితే ఈ ఏర్పాటు చాలా సున్నితమైనది. నీరు ముందుగా ఇంకిపోతే పిల్లలకు రెక్కలు రాకముందే ఆహారం అయిపోతుంది. అకాల వర్షం కురిసి మడుగులు నిండితే చేపలు మళ్ళీ చెదరిపోతాయి. తల్లిపక్షులు మరింత దూరం ఎగరవలసి వస్తుంది. ఈ తీరంలో వసంతం అటువంటి ఆటలే ఆడుతుంది. ఫిబ్రవరిలో ఉదయం పొగమంచు, మధ్యాహ్నం ఎండ. మార్చి దాటిన తరువాత లోపలి భూమి వేడెక్కుతుంది. బంగాళాఖాతం నుండి తేమగాలి వచ్చి చేరుతుంది. ఆ తేమ పైకి లేచి మేఘమై, సాయంకాలానికి ఉరుములతో, ఈదురుగాలితో విరుచుకుపడుతుంది. తూర్పు భారతంలో కాలవైశాఖి అని పేరుపొందిన ఈ గాలివానలు ఒడిశా సరిహద్దున ఉన్న ఈ ప్రాంతాన్ని కూడా తాకుతుంటాయి.

ఇదే ఆకాశం కింద, టెక్కలికి ఈశాన్యంగా ఉన్న ఉద్దానంలో జీడిమామిడి రైతు కూడా దినదిన గండంగా ఈ నెలలను గడుపుతాడు. పూత మీద మంచు, మబ్బు పట్టితే తేయాకు దోమ చెలరేగి పూత మాడిపోతుంది. ఈదురుగాలికి లేత పిందెలు రాలిపోతాయి. పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు పరిశ్రమలకు ఈ తోటల నుండి పిక్కలు అందుతాయి.

ఇక గూళ్ళలోకి వద్దాం. ఎండ తీవ్రమైనప్పుడు తల్లికొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంది. గూడబాతు పిల్ల తన తలను తల్లి సంచిలోకి దూర్చి ఆహారం అందుకుంటుంది. ఈ గూళ్ళు పుల్లలతో కట్టిన వట్టి వేదికలు. గాలికి కొమ్మ ఊగితే పిల్ల జారిపడవచ్చు. పడిన పిల్లను తల్లి గూటికి చేర్చలేదు. కుక్కల బారిన పడకముందే మనిషి కంటపడితేనే దానికి బ్రతుకు.

గాలి పిల్లలను పడగొడితే తుఫాను విడిదినే పడగొడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లు అసంఖ్యాకంగా నేలకూలాయి. అక్టోబరు అంటే పక్షులు విడిది దిగే నెల కూడా. జీడిమామిడి మొక్క మూడు, నాలుగేళ్ళకు కాపుకు రావచ్చు. ఇంత బరువైన పక్షుల గూళ్ళను మోయగల చెట్టు ఎదగడానికి మాత్రం ఒక తరం పడుతుంది.

చెట్టు ఒక్కటే ఉంటే విడిది కాదు. 2021 డిసెంబరు, 2022 జనవరి మాసాలలో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు మరణించాయి. చేపల ద్వారా కడుపులో చేరిన ఒక రకం నులిపురుగులు ఇందుకు కారణమని పరీక్షలలో తేలింది. ఇది చెట్లు కూలడం వల్లనో, గాలివాన వల్లనో కాదు. అయినా తల్లులు లేని గూళ్ళలో పిల్లలు మిగిలాయి. పక్షుల వంటిల్లు ఊరిలో లేదు. చుట్టుపక్కల చెరువులలో, నౌపడ పరిసరాల చిత్తడి నేలలలో ఉంది. ఇటువంటి నేలలను ఇక్కడివారు బీల అంటారు. 2010లో సోంపేట వద్ద, 2011లో కాకరాపల్లి వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాల నుండి బీలను కాపాడుకోవడానికి రైతులు, మత్స్యకారులు ఉద్యమించారు. కాల్పులలో ప్రాణాలు కూడా పోయాయి. వారు తమ జీవనం కోసం పోరాడారు. ఆ నీటిలో కొంగలకూ వాటా ఉంది.

అతిథులను భరించడం తేలిక అని మీరు అనుకోవద్దు. కుళ్ళిన చేపల వాసన, రెట్టలతో తెల్లబడిన పెరళ్ళు, రాత్రింబవళ్ళు ఆగని పిల్లల అరుపులు ఆ ఊరి ఇల్లాళ్ళకు ఏటా తప్పవు. కర్ణాటకలోని మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అనే గ్రామం ఉంది. అక్కడికీ ఈ రెండు జాతులే వస్తాయి. గూళ్ళున్న చింతచెట్లను దులపడం కుదరక రైతులు చింతపండును నష్టపోతారు కనుక అక్కడి అటవీశాఖ చెట్టు యజమానులకు పరిహారం చెల్లించే పద్ధతి పెట్టింది. ఇది న్యాయమైన పద్ధతి. ప్రేమతో ఆదరించేవారికి ఖర్చు ఉండదని భావించడం పొరపాటు. తేలినీలాపురంలో అటవీశాఖ సందర్శకుల కోసం ఒక విజ్ఞాన కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. పక్షుల రాక ఊరికి శుభమని, వానలు, పంటలు బాగుంటాయని గ్రామస్థులు నమ్ముతారు. వాటిని ఇంతకాలం కాపాడినది ఆ నమ్మకమే అనిపిస్తుంది.

మార్చి నెలలో చివరి పిల్లలు కొమ్మ అంచుకు వచ్చి రెక్కలు ఆడిస్తూ ఎగరడం అభ్యసిస్తాయి. ఒక గాలివాన వారం ముందు వచ్చిందా, వెనుక వచ్చిందా అన్నదాని మీద వాటి జీవితం ఆధారపడి ఉంటుంది. ఏప్రిల్ గడిచేసరికి చెట్లు ఖాళీ అవుతాయి, పెరళ్ళు శుభ్రపడతాయి. మరి కొన్ని వారాలకు తొలకరి మబ్బుతో తేలుకుంచిలో విడిది మొదలవుతుంది.