గాయానికి ఆకు పసరు: మేలెంత? కీడెంత?

మంచి సమరయుడు దెబ్బలు తిన్న బాటసారి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడని లూకా సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. మన పల్లెల్లో కొడవలి తెగితే గడ్డిచామంతి పసరు పిండడం, పసుపు అద్దడం తాతల నాటి అలవాటు.

ఇందులో నిజం లేకపోలేదు. పసుపులోని కుర్కుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉంది. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ కొత్త చర్మానికి కావలసిన కొల్లాజెన్ తయారీకి తోడ్పడుతుంది. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటు, ఇది మనకు పూర్వం నుంచీ తెలిసినదేనని సి.ఎస్.ఐ.ఆర్. నిరూపించడంతో 1997లో రద్దయింది.

అయితే మందుల తయారీలో ఆ పదార్థాన్ని శుద్ధి చేసి, కొలత ప్రకారం కలుపుతారు. గట్టు మీద కోసిన ఆకుకు మట్టి, పేడ అంటి ఉంటాయి. వాటిలో ధనుర్వాతం క్రిములు ఉండవచ్చు. పసరు వాటిని చంపుతుందని నమ్మి కూర్చోవడం ప్రాణాపాయం.

గాయమైతే ఇలా చేయండి:

1. శుభ్రమైన నీరు ధారగా పోసి, సబ్బుతో కడగండి.
2. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.
3. తెగిన గాయంలో ఆకు ముద్ద, పసుపు, కాఫీ పొడి, పేడ, బూడిద పెట్టకండి.
4. ధనుర్వాతం టీకా గురించి అదే రోజు అడగండి.
5. లోతైన గాయమైనా, చీము పట్టినా, చుట్టూ ఎర్రబడినా ఆసుపత్రికి రండి.

షుగరు వ్యాధి ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి నొప్పి తెలియదు. వారు చిన్న పుండుకైనా సొంత వైద్యం చేసుకోరాదు. ఆలస్యమైతే కాలు తీసివేయవలసి రావచ్చు.

దేవుడిచ్చిన మొక్కలు మంచివే. వాటిని వివేకంతో వాడుకుందాం.