ఇంటర్నెట్ సంపాదనకు మనం తగుదుమా?

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఇవాళ విద్యార్థుల నోట తరచుగా వినిపించే మాట “ఆన్‌లైన్‌లో సంపాదించుకోవచ్చట!” అన్నది. పరీక్ష ఫీజు, హాస్టల్ బకాయి, ఇంటి దగ్గర తమ్ముడి చదువు, ఇవన్నీ నెత్తిమీద ఉన్నవాడికి ఈ మాట అమృతంలా తోస్తుంది. “ఎంత వస్తుంది?” అని అందరూ అడుగుతారు. “నేను ఆ పనికి సరిపోతానా?” అని అడిగేవాళ్ళు అరుదు. నిజానికి ముందుగా తేల్చుకోవలసింది ఈ రెండో ప్రశ్నే.

దీనికి పాఠం మన శంషాబాద్‌లోనే ఉంది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి మారింది. బెంగుళూరు రోడ్డు మీది ఈ ఊరి రూపురేఖలే మారిపోయాయి. ఇవాళ ఇక్కడ యాప్‌ల మీద కార్లు తిప్పే డ్రైవర్లు వందల సంఖ్యలో కనబడతారు. ఇంటర్నెట్ సంపాదన అంటే గదిలో కూర్చుని కంప్యూటర్ నొక్కడమేనని చాలామంది భ్రమ. కారు తిప్పడం కూడా అదే గదా! బేరం వచ్చేది ఫోనులో. రేటు కట్టేది కంపెనీ. మార్కులు వేసేది ప్రయాణికుడు. పెట్రోలు, కిస్తీ, రిపేరు మాత్రం డ్రైవరువి.

నగరంలోంచి పాతిక ముప్ఫై కిలోమీటర్లు వచ్చి ప్రయాణికుణ్ణి దింపాక, తిరుగు బేరం కోసం గంటలు కాచుకోవాలి, లేదా ఖాళీగా పోవాలి. ఆ కాచుకున్న కాలానికి ఎవరూ పైసా ఇవ్వరు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాదు యాప్ డ్రైవర్లు “ఏ.సి. వేయం” అని ఉద్యమం చేశారు. వచ్చే రేటుకు ఏ.సి. ఖర్చు గిట్టడం లేదన్నది వాళ్ళ వాదన. ఇందులో మనం గ్రహించవలసిన సూత్రం ఒకటే: రాబడి వేరు, మిగులు వేరు.

ఇలాంటి పనివాళ్ళు 2020–21లో దేశంలో 77 లక్షల మంది ఉన్నారనీ, 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలకు చేరతారనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరులో అమలులోకి వచ్చి వీళ్ళకు చట్టంలో ఒక గుర్తింపు నిచ్చింది. అయినా నెల జీతం, జీతంతో సెలవు అన్న హామీలు మాత్రం లేవు. చదువుకున్నవాడు ఇంట్లోంచి చేసే పనికీ ఇదే వర్తిస్తుంది.

ఇక వీడియోల సంగతి చూద్దాం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి “మై విలేజ్ షో” 2012లో మొదలైంది. గంగవ్వ అనే పల్లెటూరి అవ్వను ఇంటింటా తెలిసిన మనిషిని చేసింది. ఆమె 2020లో తెలుగు బిగ్ బాస్‌కు కూడా వెళ్ళింది. మనం ఆ గెలుపును చూస్తాం గానీ, దాని వెనక ఉన్న ఏళ్ళను, కలిసి పనిచేసిన బృందాన్ని లెక్కపెట్టం. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా ఇవ్వాలంటే, పొడుగు వీడియోలు చేసేవాడికి వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు చూస్తారనుకున్నా 60,000 సార్లు చూడాలి. అదీ మొదటి రూపాయి రావడానికి ముందు!

విదేశాల వాళ్ళకు ప్రోగ్రాములు రాయడం, బొమ్మలు గీయడం, అనువాదం చేయడం మరో దారి. వేసవిలో న్యూయార్కులో మధ్యాహ్నం రెండున్నర అయితే మనకు అర్ధరాత్రి. అటువాడు మాట్లాడదామన్న వేళకు మనం మేలుకొని ఉండాలి, పొద్దున్నే తొమ్మిదింటికి ల్యాబ్‌లోనూ ఉండాలి. శరీరం దేనికి తట్టుకుంటుందో ఎవరికి వారే చూసుకోవాలి.

కాబట్టి దిగే ముందు ఈ ప్రశ్నలు వేసుకుందాం. అడిగేవాడు లేకపోయినా రోజూ రెండు గంటలు కుదురుగా కూర్చోగలనా? మూడు నెలలు పైసా రాకపోతే ఇల్లు గడుస్తుందా? ముక్కూమొహం తెలియనివాడు పని బాగాలేదంటే, అలగకుండా దిద్దుకోగలనా? నాకు వచ్చిన విద్యకు డబ్బిచ్చేవాడు నిజంగా ఎవరైనా ఉన్నాడా? ఈ నాలుగింటిలో మూడింటికి “ఔను” అనలేనివాడు తొందరపడకపోవడం మంచిది.

జవాబులు సరిపోతే ఉద్యోగం, చదువు వదలకుండా మూడు నెలలు పరీక్ష పెట్టుకోవాలి. ఒక నోటుబుక్కులో గంటలు, ఖర్చులు, రాబడి రాయాలి. నెలకు ఆరు వేలు వచ్చిందనుకుందాం. డేటా, కరెంటు, కమీషను పోను 4,800 మిగిలింది. పట్టిన కాలం 120 గంటలు. అంటే గంటకు 40 రూపాయలు. అదే కాలం పక్క వీధి పిల్లలకు లెక్కలు చెబితే ఎంత వచ్చేదో పక్కన రాసుకోండి. పరీక్షల్లో తగ్గిన మార్కులు కూడా ఖర్చు కిందే రాయాలి సుమా!

మరొక హెచ్చరిక. వీడియోలకు లైకు కొడితే డబ్బిస్తామని ఫోనుకు సందేశాలు వస్తుంటాయి. మొదట వందో రెండొందలో నిజంగానే వేస్తారు. తర్వాత “పెద్ద పని కావాలంటే ముందు డబ్బు కట్టు” అంటారు. ఈ తరహా మోసాల్లో దేశవ్యాప్తంగా 15,000 మంది 700 కోట్లకు పైగా పోగొట్టుకున్నారని 2023 జులైలో హైదరాబాదు పోలీసులు ప్రకటించారు. పని చేసినవాడికి డబ్బు రావాలి గానీ, పని కోసం మనమే డబ్బు కట్టడమేమిటి? అలా అడిగిన క్షణమే ఫోను పెట్టేయాలి. అప్పటికే మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. పరువు పోతుందని దాచుకుంటే డబ్బు తిరిగొచ్చే అవకాశం కూడా పోతుంది.

మిత్రులారా! ఈ పని తనకు పడదని తెలుసుకున్నవాడు ఓడిపోయినవాడు కాడు. మూడు నెలల నోటుబుక్కుతో మూడేళ్ళ డిగ్రీని కాపాడుకున్నవాడు. పడుతుందని తేలినవాడు నిశ్చింతగా సాగవచ్చు. ఏదైనా సరే, ఆ తీర్పు పక్కవాడి స్క్రీన్‌షాటు చూసి కాక, మన సొంత లెక్క చూసి చెప్పుకుందాం.